ఎడ్ల కుప్పెలకు నికెల్ పూత

ఏరువాక పున్నమి ఇంకా మూడు రోజులుందనగా అనంతమ్మ మొగుడంపల్లి నుంచి పొద్దుటి ఆటోలో జహీరాబాద్ వచ్చింది. వచ్చీరాగానే పుట్టింటి అరుగు మీద కూలబడి ఒడిలోని మూట విప్పింది. మూటలో ఎడ్ల కొమ్ములకు తొడిగే కుప్పెలు నాలుగున్నాయి. మూడు ఇత్తడివి, ఒకటి రాగిది.

"వదినె, నీళ్లు తర్వాత తాగుత. ముందు గివి జూడు," అంది.

హనుమమ్మ చూసింది. చూడకపోయినా ఆమెకు సంగతి తెలుసు. మొగుడంపల్లిలోనే కాదు, ఇటు చిరాగ్‌పల్లి దాకా ఆ కుప్పెల కథ తెలియనివాళ్లు లేరు. రెండేళ్ల కిందట పున్నమి ఊరేగింపులో డప్పుల మోతకు మైలెద్దు బెదిరి వాగులోకి దిగింది. దిగి ఒక్కసారి తల విదిలిస్తే కుప్పె ఒకటి ఎగిరి నీళ్లలో పడింది. ఊళ్లో సగం మంది మోకాళ్ల దాకా బురదలో దిగి దేవినా అది దొరకలేదు. అనంతమ్మ పెనిమిటి దేవరాజ్ పాత రాగి చెంబు ఒకటి కంచరి దగ్గరికి పట్టుకుపోయాడు. ఉన్న కుప్పెను అచ్చుగా పెట్టుకుని కంచరి నాలుగోది సాగగొట్టి ఇచ్చాడు. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. తేడా అంతా రంగులోనే.

పోయిన ఏడాది ఆ నాలుగూ తొడిగి ఎడ్లను తోలుకుపోతే, అనంతమ్మ తోడికోడలు దేవమ్మ నలుగురిలో నిలబడి, "అగో, మూడు పండ్లు మంచిగున్నయి, ఒక పన్ను పుచ్చింది!" అంది. జనం నవ్విన నవ్వుకు అనంతమ్మ ముక్కుతాళ్లు పట్టుకుని సగం దారిలోంచే ఎడ్లను కొట్టానికి మళ్లించేసింది.

"ఈయేడు నాలుగు ఒక్క తీరుగ కనవడకుంటే ఎడ్లను గడప దాటనియ్య," అంది అనంతమ్మ ఇప్పుడు. "మా ఇంటాయనేమో, ఏడాదంత కష్టం జేసిన జీవాలను పండుగనాడు కట్టేసి కూసోవెడ్తవా అని అలిగి రెండు దినాలైంది. అలిగినోడు నోరు మూసుకుంటడా అంటే అదీ లేదు, ఎడ్లతోని నా మీద చాడీలు చెప్తుండు. నీ కోడలు ఎండి లెక్క మెరిసే పూతేదో పూస్తదట గదా. నిజమేనా, లేక పృథ్వీరాజ్ ఉత్తగనే కోతలు కోసిండా?"

పృథ్వీరాజ్ హనుమమ్మ కొడుకు. ఫ్యాక్టరీలో షిఫ్టు పని. పెళ్లాం గురించి గొప్పలు చెప్పడంలో మాత్రం అతనికి షిఫ్టుల్లేవు. ఆ పెళ్లాం రుచిత గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె ఏదో అనబోయేలోగా హనుమమ్మ కుప్పెలను తన వైపు లాక్కుంది.

"కోడలు గాదు, నేనే పూస్త," అంది. "పున్నమి నాడు పగటాల్ల నీ ఎడ్ల కొమ్ములకు తొడుగుత. ఫికర్ చెయ్యకు, పో."

అనంతమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "నువ్వా వదినె?"

"నేను గాక మీ అన్న లేసొస్తడా?"

అనంతమ్మ చాయ తాగి, రెండు అరటిపండ్లు తిని, వెళ్తూ వెళ్తూ మూడుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్లింది. ఆటో మలుపు తిరిగాక రుచిత మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, మనం ఇప్పటిదాంక ఏమేం పూసినమో యాదికున్నదా? రెండు మర మేకులు, ఒక తాళంచెవి."

"తాళంచెవి మంచిగనే వచ్చింది గదనే."

"అది బొటనవేలంత ఉన్నది!"

"చిన్నదానికి అంటిన పూత పెద్దదానికి అంటదా? పూతకేమెరుక అది తాళంచెవో ఎద్దు కొమ్మో!" అని హనుమమ్మ లేచి చీర కుచ్చిళ్లు దోపుకుంది. లోపలికి పోతూ మాత్రం కుప్పె ఎంత పెద్దదో ఇంకోసారి చేతిలో తూచి చూసుకుంది.

ఆమెకు ఆ తొందర ఊరికే పుట్టలేదు. ఆమె పెనిమిటి వీరన్న కళాయి పనివాడు. ఇత్తడి గిన్నెలకు తగరం పూత పెట్టడంలో కోహీర్ వరకూ అతనికి పేరుండేది. వీధి చివర గుంత తవ్వి, బొగ్గులు రగిలించి, అతను పట్టకారుతో గిన్నె తిప్పుతుంటే హనుమమ్మ తిత్తి ఊదేది. తర్వాత తర్వాత గిన్నెలు కడగడం, చివరికి దూదితో తగరం తిప్పడం కూడా ఆమె చేతికే వచ్చింది. ఒక్క తిప్పుడుకు నల్లటి గిన్నె లోపల చందమామ పుట్టేది. అది చూడటానికే పిల్లలు బడి ఎగ్గొట్టి వచ్చేవాళ్లు. ఆ తర్వాత ఇంటింటికీ స్టీలు వచ్చింది. కళాయి పెట్టించుకునేవాళ్లు ఏడాదికి పదిమంది, ఆపైన ఇద్దరు, ఆపైన ఎవరూ లేరు. వీరన్న పోయి ఆరేళ్లయింది. "ఇంక నీ పని అయిపాయె హనుమమ్మా, హాయిగ కూసో," అన్నారు అందరూ. వాళ్లు మంచికే అన్నారు. కానీ పని తెలిసిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

అలాంటి ఇంట్లోకి రుచిత వచ్చింది. ఐటీఐలో ఫిట్టర్ పని చదివిన పిల్ల. ఒకరోజు కుట్టుమిషన్ మర మేకులు తుప్పు పట్టాయని అరుగు మీద ఒక గాజు సీసా పెట్టింది. అందులో సిర్కా, అదే వెనిగర్, పోసి, చిటికెడు ఉప్పు వేసి, ఫోనులో ఆర్డరిచ్చి తెప్పించిన నికెల్ పట్టీలు రెండు వేలాడదీసి, పాత చార్జర్ తీగలు తగిలించింది. పొద్దెక్కేసరికి సీసాలో నీళ్లు చిలకపచ్చగా మారాయి. ఆ పచ్చనీళ్లలో పసుపుపచ్చని ఇత్తడి తాళంచెవి దిగి, తెల్లగా బయటికి వచ్చింది. అది చూసిన హనుమమ్మ ఆ పూట అన్నం తినడం మరిచిపోయింది. నిప్పు లేదు, పొగ లేదు, తిత్తి లేదు. అయినా అదే చందమామ.

"గిది నాకు నేర్పు," అంది ఆ రోజే.

రుచిత నేర్పింది. అయితే ఆ పిల్ల నేర్పడమంటే సగం నేర్పడం, సగం పోలీసు పని. పచ్చనీళ్లు విషం, కోళ్లు దగ్గరికి రాకూడదు. వంటింటి గిన్నె ఒక్కటి కూడా అరుగు మీదికి రాకూడదు. నికెల్ పట్టీ బదులు ఇంట్లో ఉంది కదా అని స్టీలు చెంచా పెడితే ఇంకా పాడు విషం దిగుతుంది. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. అన్నిటికీ హనుమమ్మ "సరే బిడ్డా" అంది. తొడుగులు మాత్రం నీళ్లలో చేయి పెట్టేటప్పుడే వేసుకునేది. అంతకుముందు కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు వాటిని నడుముకు చెక్కుకునేది. తొడుగు వేసుకుంటే చేతికి కళ్లు మూసినట్టుంటుందని ఆమె గోడు.

అనంతమ్మ వెళ్లిన పూటే పని మొదలైంది. సీసాకు బదులు వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. చార్జర్ తీగల్లో ఒకటి నికెల్ పట్టీలకు, ఇంకొకటి రాగి తీగతో వేలాడే కుప్పెకు. హనుమమ్మ మొదటి ఇత్తడి కుప్పెను చింతపండు, బూడిద పెట్టి తోమింది. చాకలి సోడా వేసిన వేడినీళ్లలో ముంచి తీసింది. మంచినీళ్లతో కడిగి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, పచ్చనీళ్లలోకి దించింది. కుప్పె చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. గంటసేపు అత్తాకోడళ్లిద్దరూ పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లలా డబ్బా దగ్గరే కూర్చున్నారు.

తీసి చూస్తే కుప్పె వెండిలా ఉంది. హనుమమ్మ అరవబోయింది. అంతలో రుచిత దాన్ని రెండో పక్కకు తిప్పింది. అక్కడ చింతగింజంత మేర పూత అంటలేదు. ఇత్తడి పచ్చగా నవ్వుతోంది.

"తీగ అడ్డం వచ్చినట్టుంది అత్తమ్మా."

సన్నటి గరుకు కాగితంతో పూతంతా గీకి, మళ్లీ తోమి, తీగను వేరే చోట కట్టి దించారు. ఈసారి మచ్చ ఇంకో చోట తేలింది. మరునాడు రెండు కుప్పెలు ఒకేసారి దించారు. రెండింటికీ మచ్చే. రుచిత చార్జర్ మార్చింది. నికెల్ పట్టీలను ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది. పుస్తకం తీసి చదివింది. ఎవరికో ఫోను చేసి అడిగింది. మచ్చ మాత్రం ఇంటల్లుడిలా ప్రతిసారీ వేళకు వచ్చి కూర్చుంటోంది.

సాయంత్రం అనంతమ్మ ఫోను చేసింది. "ఎంతదాంక వచ్చింది వదినె?"

"వస్తున్నది, వస్తున్నది. పప్పు ఉడికినంక ఎసరు చూస్తరా?" అని హనుమమ్మ ఫోను పెట్టేసింది. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకే తెలియదు.

మూడో రోజు పొద్దున రుచిత, "సిర్కాలనే ఏదో లొల్లి ఉన్నది. కొత్తది తెస్త," అని బజారుకు వెళ్లింది. హనుమమ్మ ఒక్కతే అరుగు మీద మిగిలింది. పున్నమి రేపే. కుప్పె ఒకటి చేతిలోకి తీసుకుంది. మాట ఇచ్చింది తాను. కోడలు కాదు, నేనే అని గుంజుకున్నది తాను. ఇప్పుడు ఇవి మచ్చలతో మొగుడంపల్లికి పోతే ఒక పుచ్చిపన్ను బదులు నాలుగు పుచ్చిపండ్లవుతాయి. ఎడ్లు కొట్టంలోనే ఉంటాయి. "నీ పని అయిపాయె" అన్న మాట నిజమవుతుంది. ఆ చివరిదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

వీరన్న ఉంటే ఏం చేసేవాడు? అతను గిన్నె చెడిపోతే గిన్నెను తిట్టేవాడు కాదు. మొదటి నుంచి మళ్లీ చేస్తూ, ఎక్కడ చెయ్యి తప్పిందో చూసుకునేవాడు. హనుమమ్మ కూడా అలాగే కుప్పెను తోమింది. సోడానీళ్లలో ముంచింది. మంచినీళ్లతో కడిగింది. కడిగి, దించడానికి లేవబోతూ ఆగిపోయింది.

ఆమె బొటనవేలు కుప్పె మీద ఉంది.

ఆమె పెట్టలేదు. దానంతటది వెళ్లి ఒక్క రుద్దు రుద్దింది. కళాయి పనిలో అది అలవాటు. గిన్నె కడిగాక బొటనవేలితో రుద్దితే కీచుమనాలి. కీచుమంటే శుభ్రం, జారితే జిడ్డు. వీరన్న అలాగే చూసేవాడు, ఆమెకూ అలాగే నేర్పాడు. నలభై ఏండ్లుగా గిన్నె కడిగిన ప్రతిసారీ ఆ వేలు అలా వెళ్తూనే ఉంది. హనుమమ్మ పక్కనున్న మచ్చల కుప్పెను తీసి, మచ్చ మీద వేలు ఆనించి చూసింది. రవ్వంత తేడా లేదు. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

కళాయిలో ఆ వేలితో ఏ హానీ లేదు. వేలి జిడ్డు ఏమైనా అంటినా నిప్పు దాన్ని కాల్చేసేది, మిగిలింది గిన్నెలో చల్లే నవాసాగరం పొగలో పోయేది. ఇక్కడ నిప్పెక్కడిది? పొద్దున్నే తలకు రాసుకున్న కొబ్బరినూనె చాలు, ఎంత కడిగినా వేలికి పట్టే ఉంటుంది. ఆ జిడ్డున్న చోటికి నికెల్ రానంటోంది.

రుచిత సిర్కా సీసాలు మోసుకుంటూ వచ్చేసరికి హనుమమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. రుచిత సీసాలు కింద పెట్టి దగ్గరికి పరిగెత్తింది.

"అత్తమ్మా, ఏడవకు. ఏమైందని? నేనే అనంతమ్మత్తకు ఫోన్ చేసి చెప్త, నా తప్పే అంట."

హనుమమ్మ ఇటు తిరిగింది. ఏడవడం లేదు. నవ్వు ఆపుకోలేక కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కుప్పెను ముందుకు చాపి, మచ్చ మీద బొటనవేలు పెట్టి చూపించింది.

రుచిత మచ్చను చూసింది. వేలిని చూసింది. మళ్లీ మచ్చను చూసింది.

"అత్తమ్మా! రేషన్ దుకాణంల ఏసినట్టు అన్నిటికి వేలిముద్ర ఏసినవా?"

"ఏసిన బిడ్డా. ఒక్కటి గుడ ఇడ్వలే."

"నేను చార్జర్ మార్చిన! తీగలు మార్చిన! మా ఐటీఐ సార్‌ను ఫోన్ల పట్టుకొని గంట సతాయించిన!"

"సిర్కాను గుడ తిట్టినవ్. పాపం దానికి జర దండం వెట్టు."

ఇద్దరూ అరుగు మీద పడి పడి నవ్వారు. దారిన పోయే కూరగాయల బండివాడు ఆగి, "ఏందమ్మా, లాటరీ తగిలిందా?" అని అడిగి, తానూ కాసేపు నవ్వి వెళ్లిపోయాడు.

నవ్వు అయిపోయాక అసలు పని మిగిలింది. నలభై ఏండ్ల వేలికి ఒక్క పూటలో బుద్ధి చెప్పడమెలా? తొడుగులు ముందు నుంచే వేసుకో అంది రుచిత. వేసుకుంటే శుభ్రమైందో లేదో ఎలా తెలుస్తుందంది హనుమమ్మ.

"కండ్లతోని చూడు. గిటు రా," అని రుచిత ఒక కుప్పెను తీగతో నీళ్లలో ముంచి ఎత్తి పట్టుకుంది. నీళ్లు కొంత మేర పల్చగా పరుచుకున్నాయి. ఒకచోట మాత్రం విడిపోయి బొట్లుబొట్లుగా నిలిచాయి. "నీళ్లు ఎక్కడ బొట్లు కడ్తయో అక్కడ జిడ్డున్నట్టు. మొత్తం చాదర పరిచినట్టు ఉంటే శుభ్రమైనట్టు."

హనుమమ్మ తీగను తన చేతిలోకి తీసుకుంది. తొడుగులు వేసుకుని, రెండు చేతులతోనూ తీగ పట్టుకుంది. చేతికి పని చెబితే వేలు ఊరికే తిరగదు కదా. ముంచింది, ఎత్తింది. బొట్లు. మళ్లీ సోడానీళ్లు. ముంచింది, ఎత్తింది. అంచు దగ్గర రెండు బొట్లు. మళ్లీ. అలా ఐదోసారి ఎత్తినప్పుడు నీళ్లు కుప్పె మొదలు నుంచి కొస దాకా ఒక్క పొరలా జారాయి. కీచుమనే చప్పుడు ఎలా చెవికి తెలిసేదో అలా ఆ పొర కంటికి తెలిసింది. ఇలా అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఇగ దించుత," అంది.

పొద్దుగూకే లోపల రెండు ఇత్తడివి అయ్యాయి. పున్నమి నాడు తెల్లవారగానే మూడోదీ, చివరికి రాగిదీ దిగాయి. ఒక్కదానికీ మచ్చ లేదు. రాగిది బయటికి వచ్చినప్పుడు అత్తాకోడళ్లు దాన్ని మిగతా మూడింటి పక్కన పెట్టి చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నాలుగింటినీ కడిగి, మెత్తటి పంచె ముక్కల్లో చుట్టి, గబగబా ఆటో ఎక్కారు.

మొగుడంపల్లిలో పండుగ అప్పటికే పొంగుతోంది. ఎడ్లకు కొమ్ములు గీకి రంగులేశారు. మెడలో గజ్జెలు, ఒంటి మీద అద్దాలు కుట్టిన జూలు గుడ్డ. ఊరి వాకిట గోగునార తోరణం కట్టి ఉంది. అనంతమ్మ గడపలో అటూ ఇటూ తిరుగుతోంది. కొట్టం ముందు మైలెద్దు, నల్లెద్దు ముస్తాబై నిలబడ్డాయి. వాటి పక్కన అలిగిన దేవరాజ్ నిలబడ్డాడు.

"తెచ్చినవా?" అంది అనంతమ్మ.

హనుమమ్మ మూట విప్పింది. దేవరాజ్ అలక సంగతి మరిచిపోయి ముందుకు వచ్చి, ఒక్కొక్కదాన్నీ ఎండలో పట్టుకు చూసి, ఎడ్ల కొమ్ములకు తొడిగి బిగించాడు. ఎడ్లు తల తిప్పితే కొట్టం గోడ మీద వెలుతురు మరకలు పరిగెత్తాయి. నాలుగు మరకలు, ఒకే రంగు.

ఎడ్లు వీధిలోకి వచ్చాయి. జనం జరిగారు. దేవమ్మ అందరికన్నా ముందే వచ్చింది.

"కొత్తయి కొన్నరా? ఎండియా?"

"మాయే," అంది అనంతమ్మ గడ్డం ఎత్తి. "గవే నాలుగు. మా వదినె పూత పూసింది. పోయినేడు పుచ్చినపన్ను అన్నవ్ గదా, ఇప్పుడు ఏది పుచ్చిందో చెప్పు చూద్దాం."

దేవమ్మ నడుం మీద చేయి పెట్టుకుని ఎడ్ల చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. కళ్లు చికిలించింది. గోటితో గీకింది. పూత కదల్లేదు. "గిదే," అని మైలెద్దు కుడి కొమ్ము చూపించింది. దేవరాజ్ ఆ కుప్పె ఊడదీసి లోపలి వైపు చూపించాడు. పూత ఎక్కని లోపల ఇత్తడి పచ్చగా ఉంది. జనం ఘొల్లుమన్నారు.

"నేను చెప్త ఆగున్రి," అని జగ్గయ్య అనే ముసలాయన కర్ర పోటు వేసుకుంటూ ముందుకు వచ్చాడు. డెబ్బై ఏండ్లు ఎడ్లను చూసిన కళ్లు తనవన్నాడు. నల్లెద్దు ఎడమ కొమ్ము అన్నాడు. ఊడదీస్తే అదీ ఇత్తడే.

"కండ్లు ఎడ్లను చూసినయి గని కుప్పెలను చూడలే తాతా!" అన్నారెవరో.

"ఇగ వదినెనే చెప్పాలె," అని అనంతమ్మ హనుమమ్మను ముందుకు నెట్టింది. "చేసిన చేతికి తెల్వదా?"

హనుమమ్మ కొంగు సర్దుకుని దర్జాగా ముందుకు నడిచింది. తోమింది తాను, ముంచింది తాను, చుట్టింది తాను. మిగిలిన రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఇదనుకుంది. కాదు, అదనుకుంది. చివరికి నల్లెద్దు కుడి కొమ్ము మీద చేయి వేసింది.

దేవరాజ్ ఊడదీశాడు. లోపల పచ్చటి ఇత్తడి.

అందరికన్నా గట్టిగా నవ్వింది హనుమమ్మే. నవ్వుతూ రుచిత భుజం మీద వాలిపోయింది. "ఓడిపోయిన బిడ్డా," అంది, "నా పనితనం ముందర నేనే ఓడిపోయిన!"

అంతలో డప్పులు మోగాయి. దేవరాజ్ కుప్పెలు తొడిగి బిగించి పగ్గాలు పట్టుకున్నాడు. ఎడ్లు తోరణం వైపు కదిలాయి. నాలుగోదాన్ని ఊడదీయమని ఎవరూ అడగలేదు. అనంతమ్మ వదినె చేయి పట్టుకుని ఎడ్ల పక్కనే నడిపించింది. దేవమ్మ కొంతసేపు వెనక నడిచి, ఆగలేక పరిగెత్తుకుంటూ వచ్చి హనుమమ్మ రెండో చేయి పట్టుకుంది.

"అక్కా, మాయి గుడ ఇత్తడియే. నాలుగు కుప్పెలు, ఎడ్ల మెడల గంటలు రెండు. జర నువ్వు..."

"మొదలు మా అనంతమ్మను అడుగు," అంది హనుమమ్మ. "ఆమె సరే అంటే ఎల్లుండి పట్కరా. గని ఒకటి చెప్తున్న దేవమ్మా, కడిగినంక మాత్రం వాటికి చెయ్యి తాకియ్యొద్దు."

"గదెందుకక్కా?"

రుచిత పక్కున నవ్వింది. హనుమమ్మ డప్పుల చప్పుడులో వినబడనట్టు నటిస్తూ, ఎడ్లతో అడుగు కలిపి ముందుకు సాగింది.